తోడల్లుడి బిళ్ళలకు చిల్లులు లేవు

ఆ రోజు పొద్దున్నే మెరుపుకి కడుపులో మంట మొదలైంది. తిన్నది పడక వచ్చిన మంట కాదు, అప్పటికి ఇంకా ఏమీ తినలేదు. కర్మాగారం పరీక్షల గదిలో, సరుకు నాణ్యత చూసే మేడమ్ ఒక గాజు బిళ్ళను దీపానికి అడ్డంగా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "అబ్బ, ఎంత బాగా వచ్చిందో! ఒక్క చిల్లు లేదు. ఎవరు పూశారు దీన్ని?" అని అడిగింది. "నేనే" అందామని మెరుపు నోరు తెరిచాడు. అంతలో బిళ్ళ అంచున గీసిన గుర్తు కంటబడింది. చిన్న చుక్క. అది అతని తోడల్లుడి గుర్తు. తెరిచిన నోటిని ఊరికే మూసుకుంటే బాగుండదని గట్టిగా దగ్గాడు.

మెరుపు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పూత గదిలో పనివాళ్ళు పెట్టింది. అతను పని చేస్తుంటే చేతులు కనబడవు, అయిపోయిన పనే కనబడుతుంది. ఒకసారి బిళ్ళకు పూత పూసి, ఓవెన్‌లో పెట్టి, తలుపు మూసి వెనక్కి వచ్చేసరికి, అతను విసిరిన మందు సీసా మూత ఇంకా గాల్లోనే గిరికీలు కొడుతోందని చెప్పుకునేవారు. అతని వేగం చూసి సిగ్గుపడి గోడ గడియారం ఆగిపోయిందనీ అనేవారు. లోపల సెల్లు అయిపోయిందని ఎవరో గొణిగారు గానీ, అంత చిన్న మాటను ఎవరూ చెవిన వేసుకోలేదు.

వాళ్ళ కర్మాగారంలో తయారయ్యేది ప్లాస్టిక్ పొర. వెంట్రుకను నిలువునా వందల పాయలుగా చీల్చగలిగే మొనగాడు ఎవడైనా ఉంటే, అందులో ఒక పాయ ఎంత మందం ఉంటుందో అంత మందం. వెలుతురును కొలిచే పరికరాల్లో వాడతారు. ప్లాస్టిక్ గుళికలను ఘాటు వాసన కొట్టే ద్రావకంలో కరిగిస్తే మందు తయారవుతుంది. గాజు బిళ్ళను స్పిన్నర్ మీద పెట్టి, నడిమధ్యన డ్రాపర్‌తో ఆ మందు చుక్కలు వేసి గిర్రున తిప్పితే, మందు అంచుల దాకా పరుచుకుంటుంది. ద్రావకం ఆవిరైపోయి పొర మిగులుతుంది. దాన్ని ఓవెన్‌లో వేడి చేస్తే మెత్తబడి సర్దుకుంటుంది. చల్లారాక ఒలిచి చట్రానికి ఎక్కిస్తారు.

ఒలవడానికి వీలుగా గాజుకు ముందే జారుడు పూత ఒకటి వేసి ఉంచుతారు. తంటా అంతా అక్కడే వచ్చింది. జారుడు గాజు మీద పొర వేడెక్కినప్పుడు, కుదురుగా కూర్చుంటే కూర్చుంటుంది. లేదంటే ఎక్కడో సూదిమొనంత చిల్లు పడుతుంది. ఆ చిల్లు వెడల్పవుతుంది, పక్క చిల్లుతో కలుస్తుంది, చివరికి నూనె పళ్ళెం మీద చల్లిన నీళ్ళలా పొరంతా బొట్లు బొట్లుగా ముడుచుకుపోతుంది.

పొరలు మందంగా ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. మెరుపు వేగమే కర్మాగారానికి పెట్టని కోట. ఈ మధ్య పెద్ద బేరం ఒకటి వచ్చింది. కొనేవాళ్ళకు పొర మరీ పల్చగా కావాలి. పల్చన చేయగానే మెరుపు బిళ్ళలన్నీ జల్లెళ్ళయ్యాయి. ఆ జల్లెళ్ళ పక్కనే తోడల్లుడి బిళ్ళలు, పసిపిల్ల బుగ్గల్లా నున్నగా, ఓవెన్ నుంచి నవ్వుకుంటూ బయటికి వస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే పూత గది పెద్దాయన పని మానేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోతానన్నాడు. కిటికీ పక్కన ఆయన కుర్చీ ఖాళీ కాబోతోంది. "ఎవరి బిళ్ళలు శుభ్రంగా వస్తే వాళ్ళే ఆ కుర్చీలో కూర్చుంటారు" అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. మెరుపు అయితే అప్పటికే అందులో కూర్చుని చూసుకున్నాడు, పెద్దాయన భోజనానికి వెళ్ళినప్పుడు. కుర్చీ తనకు సరిపోయింది. ఆ సంగతి అత్తగారింట్లో చెప్పేశాడు కూడా.

అన్నిటికన్నా మండే సంగతి ఒకటుంది. ఆ తోడల్లుణ్ణి పనిలో పెట్టించింది తనే. మరదలి మొగుడు ఖాళీగా ఉన్నాడని ఇంట్లో పోరు పెడితే, మేనేజరుకు చెప్పి చేర్పించాడు. ప్రేమతో అని అందరూ అనుకున్నారు. మెరుపు లోపలి లెక్క వేరు. ఆ మనిషి అడుగు తీసి అడుగు వేయడానికి ముహూర్తం చూసుకునే రకం. పక్కన అలాంటివాడు ఒకడు ఉంటే తన వేగం ఇంకా ధగధగ మెరుస్తుందనుకున్నాడు. చేరిన వారానికే ఆ తోడల్లుడికి ఆవులింత అని పేరు వచ్చేసింది. అతను ఆవులిస్తే గదిలో అందరూ వరసగా ఆవులించేవారు, చివర్న స్పిన్నర్ కూడా కాస్త నెమ్మదించేదని చెప్పుకునేవారు.

సెలవురోజు మధ్యాహ్నం అత్తగారింట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు బట్టలు కుడుతుంది. గది నిండా గుడ్డపీలికలు, మూలన కుట్టుమిషను. కూతుళ్ళిద్దరూ అదే వీధిలో ఉంటారు, తీరికైనప్పుడల్లా వచ్చి గుండీలు కుట్టి పెడతారు.

"చిన్నల్లుడుగారి బిళ్ళలు అద్దంలా వస్తున్నాయటగా! మీ మేడమ్ తెగ మెచ్చుకుందట" అంది అత్తగారు వడ్డిస్తూ.

"అవి గాజు బిళ్ళలు అత్తయ్యా. గాజు అద్దంలా కాక చెక్కలా ఉంటుందా?" అన్నాడు మెరుపు.

"ఆయనకి రెండ్రోజులుగా గొంతులో ఏదో అడ్డం పడిందమ్మా, మంచినీళ్ళివ్వు" అంది అతని భార్య.

"అయ్యో, ఏం అడ్డం పడింది బావా?" అని మరదలు గాభరాగా అడిగింది.

"నీ మొగుడే" అంది అక్క.

ఇల్లంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవులింతే. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఊరుకోండి వదినా. నాకు డ్రాపర్ పట్టుకోవడం నేర్పింది అన్నయ్యే. ఆయన చలవే ఇదంతా" అన్నాడు. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టి కడుపు చల్లబరుచుకోవచ్చు. చలవ అన్నవాణ్ణి ఏమనాలో తెలియక మెరుపు గ్లాసుడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేశాడు.

ఇంటికి నడుస్తుంటే భార్య అడిగింది. "ఆ కుర్చీ రాకపోతే ఇప్పుడు మీకేం పోతుందండీ?"

"పరువు పోతుంది. మీ అమ్మకి నాదేనని చెప్పేశానుగా."

"రాకముందే ఎందుకు చెప్పారూ?"

"వచ్చాక చెబితే ఆలస్యం అవుతుందని."

మర్నాటి నుంచి మెరుపు తోడల్లుణ్ణి కాపు కాశాడు. ఆవులింత డ్రాపర్‌ను ఎంత ఎత్తులో పట్టుకుంటున్నాడో చూసి అంతే ఎత్తులో పట్టుకున్నాడు. చుక్క వేసేటప్పుడు అతను ఊపిరి బిగబడితే తనూ బిగబట్టాడు. అతను స్పిన్నర్ మీట నొక్కే ముందు ఎడమ చెవి గోక్కుంటాడు. అందులో ఏదో కిటుకు ఉందని మెరుపు తన చెవి ఎర్రబడేదాకా గోక్కున్నాడు. కూనిరాగం కూడా వదల్లేదు. ఆవులింత శ్రుతి తప్పి పాడతాడు, మెరుపుది మంచి గొంతు. శ్రమపడి శ్రుతి తప్పడం నేర్చుకున్నాడు. ఒకరోజు ఎవరూ చూడకుండా మందు సీసాలు మార్చేశాడు. ఆవులింత మందుతో తను పూసిన బిళ్ళకు చిల్లులే. తన మందుతో ఆవులింత పూసిన బిళ్ళకు ఏమీ కాలేదు. మెరుపుకు ఒళ్ళు మండి, పాపం, స్పిన్నర్‌ను తన్నబోయి ఆగాడు.

"ధూళి పడుతోందేమో చూసుకోండి" అంది మేడమ్. ఆమె రోజూ పొర మందం కొలుస్తోంది, మందును వడగట్టిస్తోంది, కారణం దొరకడం లేదు. మెరుపు బల్లను అంత తుడిచాడు, ఇంత తుడిచాడు, చివరికి ఈగ వాలినా జారి కిందపడేటంత తుడిచాడు. చిల్లులు మాత్రం క్రమశిక్షణగా వచ్చేవి.

ఇద్దరికీ ఉన్న తేడా ఒక్కటి మిగిలింది. అది మెరుపు కంటపడుతూనే ఉంది గానీ, దాన్ని అతను తేడాగా లెక్కవేయలేదు. తను పూసిన బిళ్ళ పూసినట్టే ఓవెన్‌లోకి వెళ్ళిపోతుంది. ఆవులింత అలా చేయడు. మూత ఉన్న ట్రేలో పేర్చి, ట్రేను బీరువాలో పెట్టి, వెళ్ళి కూర్చుంటాడు. ట్రే నిండడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు.

"ఏమోయ్ తమ్ముడూ, పూసినవి పూసినట్టే ఓవెన్‌లో పెట్టవేం?" అని ఒకసారి అడిగాడు.

"ఒక్కో బిళ్ళకీ లేచెళ్ళి తలుపు తియ్యాలా అన్నయ్యా? ట్రే నిండనివ్వండి. అన్నీ ఒక్కసారే పడేస్తే గొడవ వదుల్తుంది."

"మేడమ్‌కి తెలుసా ఈ సంగతి?"

"మీకు పుణ్యం ఉంటుంది, చెప్పకండి. బద్ధకం అనుకుంటారు."

"బద్ధకం కాక మరేమిటిరా?"

"బద్ధకమే. అనుకోవడం దేనికని."

మామూలు మనిషి అయితే ఇక్కడ ఆగి ఆలోచించేవాడు. మెరుపు ఆగే రకం కాదు. పైగా కడుపులో మంట ఉన్నవాడి బుర్ర పొగచూరి ఉంటుంది. లోకంలో ఎవడూ ఇంత బద్ధకంగా ఉండడు, ఇదంతా నాటకం, బీరువాలో వీడు ఏదో చేస్తున్నాడు అని నిర్ధారించుకున్నాడు. ఏదో రాస్తున్నాడు, ఏదో చల్లుతున్నాడు. తోడల్లుడు బయటికి వెళ్ళినప్పుడు బీరువా తెరిచి, తల దూర్చి, వాసన చూశాడు. దువ్వెన ఒకటీ, బిస్కెట్ల పొట్లం ఒకటీ దొరికాయి. దువ్వెనను దీపం దగ్గర పెట్టి చాలాసేపు పరీక్షించాడు. బిస్కెట్లను మాత్రం తిని పరీక్షించాడు.

ఆ పైన తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఊరికే ఎందుకు నాన్చడం? ఇద్దరం మీ కళ్ళ ముందు పూస్తాం. ఒక్కటే షరతు. పూసిన బిళ్ళ పూసినట్టే ఓవెన్‌లోకి పోవాలి. బీరువా జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఎవరి పనితనం ఎంతో తేలిపోతుంది."

మేనేజరుకు సబబుగానే తోచింది. ఆవులింతను పిలిచి అడిగితే, "అన్నయ్య ఎలా అంటే అలా" అన్నాడు. ఆ మాటకు మెరుపుకు మళ్ళీ మండింది. భయపడతాడనుకున్నాడు మరి.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం మెరుపు చేయి సాధన కోసం ఒక ట్రే బిళ్ళలు పూస్తున్నాడు. చివరి బిళ్ళ దింపుతూ అద్దాల తలుపులోంచి చూశాడు కదా, వసారాలో మేనేజరు ఆవులింత భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. అంతే, మెరుపుకు కాళ్ళు ఆగలేదు. ట్రేను బల్ల మీదే వదిలేసి, ఏదో పని ఉన్నట్టు వసారాలో అటూ ఇటూ తిరుగుతూ చెవులు రిక్కించాడు. మేనేజరు తన సైకిలు చక్రానికి మాటిమాటికీ గాలి దిగిపోతోందని చెప్పుకుంటున్నాడు. ఇది పైకి చెప్పే మాట, అసలు మాట ఇంకేదో ఉంటుందనుకుని, సాయంత్రం గేటు దగ్గర కాసి, తోడల్లుడు ఇల్లు చేరేదాకా వెనకాలే వెళ్ళాడు. అసలు మాటేమీ వినబడలేదు. ట్రే సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

మర్నాడు పూత గది నిండిపోయింది. మేడమ్, మేనేజరు, వెళ్ళిపోబోయే పెద్దాయన, తీరిక ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వచ్చారు. మెరుపు ముందు పూశాడు. ఎప్పటిలాగే చేతులు కనబడలేదు. ఆవులింత తరవాత పూశాడు. చెవి గోక్కున్నాడు, రాగం తీశాడు, బిళ్ళ బిళ్ళకీ మధ్య ఆవులించాడు. గది గదంతా ఆవులించింది. ఎవరి ట్రే అయితే వాళ్ళు వెంటనే ఓవెన్‌లో పెట్టారు.

ముందు మెరుపు బిళ్ళలు బయటికి వచ్చాయి. మేడమ్ దీపం దగ్గర పెట్టి చూసి పెదవి విరిచింది. చిల్లులు.  తరవాత ఆవులింత బిళ్ళలు వచ్చాయి. మేడమ్ ఒకటి చూసింది. రెండోది చూసింది. అన్నీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇవి కూడా పాడైపోయాయే!"

మెరుపు ముఖం వెలిగిపోయిన తీరు చూసి తీరాల్సిందే. ఆ వెలుగులో గదిలో దీపాలు ఆర్పేసినా పని నడిచేదట. "చూశారా సార్? చూశారా? వీడివీ పోయాయి! నావీ పోయాయి, వీడివీ పోయాయి!" అని, లాటరీ తగిలినవాడిలా పక్కవాళ్ళ చేతులు పట్టుకుని ఊపేశాడు.

"నీకు సంతోషంగా ఉందా?" అన్నాడు మేనేజరు. "ఈ లెక్కన బేరం పోతుంది. కొనేవాళ్ళకి ఏం చూపించను, ఈ జల్లెళ్ళా?"

"అది కాదు సార్. బీరువా లేకపోతే వీడు ఇంతే అని రుజువైంది కదా! వీడు అందులో ఏదో చేస్తాడు. అనుమానం ఉంటే చూడండి" అంటూ మెరుపు బీరువా తలుపు లాగాడు. లోపల మూత వేసిన ట్రే ఒకటి ఉంది. అతను ఎగిరి గంతేశాడు. "ఇదిగో! ఇదిగో దొంగ సొత్తు! ఇది కూడా ఓవెన్‌లో పెట్టండి. చూస్తూ ఉండండి, ఒక్క చిల్లు పడితే నన్ను అడగండి. దీనికి ఏదో రాశాడు సార్, నేను బల్ల గుద్ది చెబుతాను." నిజంగానే బల్ల గుద్దాడు.

"అన్నయ్యా, అవి..." అన్నాడు ఆవులింత.

"నువ్వు నోరు మూసుకో! దొరికిపోయాక మాటలెందుకు?"

ట్రే ఓవెన్‌లోకి వెళ్ళింది. బయటికి వచ్చింది. మేడమ్ బిళ్ళను దీపానికి పట్టుకుంది. 

"ఒక్క చిల్లు లేదు" అంది. ఇంకోటి చూసింది. "దీనికీ లేదు. అసలు ఇంత చక్కగా పరుచుకున్న పొర నేనింతవరకూ చూడలేదు."

"చెప్పానా! చెప్పానా సార్! ఏం రాశాడో అడగండి!"

మేడమ్ బిళ్ళ అంచును కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "మీరే చెప్పాలి. దీని మీద చుక్క లేదు, వంకరటింకర గీత ఉంది. ఇది మీ గుర్తు కదూ?"

మెరుపు ఆ గీతను చూశాడు. అది తన చేత్తో తను గీసిన మెరుపు గుర్తే. ట్రేలో అన్నిటి మీదా అదే. భూమి విడిపోయి తనను లోపలికి లాక్కుంటే బాగుండునని కిందకు చూశాడు. భూమికి అలాంటి ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు.

"నిన్న మీరు బల్ల మీద మర్చిపోయారు అన్నయ్యా" అన్నాడు ఆవులింత. "ఇంటికి బయల్దేరే ముందు గొడుగు కోసం గదిలోకొచ్చాను. మట్టి పడుతుందని మూతేసి లోపల పెట్టాను. ఇందాకట్నుంచీ అదే చెబుదామనుకుంటున్నా."

మేనేజరు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళల్లో ఇంకేదో మెరిసింది. "ఆగండి, ఆగండి. ఇవి నిన్న పూసినవా? పొద్దుటిదాకా ఊరికే ఉన్నాయా? మరి మీ బిళ్ళలు?" అని ఆవులింతను అడిగింది. ఇక దాచి లాభం లేదని ఆవులింత తన బద్ధకం సంగతి మొత్తం ఒప్పుకున్నాడు. మేడమ్ అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"ఇది ఎవరూ నాకు చెప్పలేదేం? మందం చూస్తున్నాను, ధూళి చూస్తున్నాను, ఎంతసేపు ఆగిందో అడగనేలేదు నేను! వినండి. ప్లాస్టిక్ అంటే పొడుగాటి దారాలు. మందులో ఉన్నంతసేపూ కావలసినంత చోటు, హాయిగా కాళ్ళు చాపుకుని ఉంటాయి. స్పిన్నర్ గిర్రున తిప్పగానే ద్రావకం చటుక్కున ఆవిరైపోతుంది. దారాలు సర్దుకునే లోపలే బిగుసుకుపోతాయి. కిక్కిరిసిన బస్సు చూశారుగా? ఒకడు ఒంటికాలి మీద నిలబడిపోతాడు, ఒకడి చెయ్యి ఇంకొకడి చంకలో ఇరుక్కుపోతుంది, తలుపులు పడిపోతాయి. అలాగన్నమాట. పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల బిగువు మిగిలిపోతుంది. పుస్తకాల్లో దాన్ని అవశేష ప్రతిబలం అంటారు. వెంటనే ఓవెన్‌లో పెడితే అందరికీ ఒక్కసారిగా కాళ్ళూ చేతులూ ఆడతాయి. ఒకర్నొకరు లాక్కుంటారు. పొర చిరుగుతుంది. కొన్నాళ్ళు ఊరికే వదిలేస్తే, వేడి లేకపోయినా, కొంచెం కొంచెంగా సర్దుకుంటాయి. బిగువు తగ్గుతుంది. చిల్లులూ తగ్గుతాయి."

"మందంగా ఉన్నప్పుడు ఎందుకు పడలేదు?" అన్నాడు మేనేజరు.

"మందం ఉంటే తట్టుకుంది. పల్చనయ్యాక తట్టుకోలేకపోయింది." ఆమె ఉత్సాహంగా బిళ్ళలను మళ్ళీ పేర్చుకుంది. "ఈయన పూసిన పొర చూడండి, మధ్యలోనూ అంచులోనూ ఒకే మందం. చేతి వాటం అద్భుతం. ఆగకపోవడమే వచ్చిన చిక్కు."

పొగిడిందో తెగిడిందో తేల్చుకోలేక మెరుపు నిలబడిపోయాడు. బేరం దక్కే దారి దొరికింది. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. మెరుపుకు మళ్ళీ ఆశ పుట్టింది. లెక్కప్రకారం అన్నిటికన్నా మంచి ట్రే తనదే కదా!

మేనేజరుకూ అదే తోచినట్టుంది. ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. "బిళ్ళల ప్రకారం చూస్తే నువ్వే గెలిచావు. కుర్చీ నీకే ఇద్దామనుకుంటున్నా" అన్నాడు మెరుపుతో. మెరుపు కాళ్ళు నేల మీద ఆనలేదు. "అయితే ఇకమీదట ఆ కుర్చీ పని వేరు. పూసిన ప్రతి బిళ్ళా బీరువాలో ఆగాలి. ఓవెన్ ఖాళీగా ఉంటుంది, కొనేవాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు, నేనే వచ్చి తొందరపెడతాను. అయినా సరే, బీరువా తాళంచెవి ఇవ్వకుండా కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. ఏమంటావు?"

"ఓవెన్ ఖాళీగా పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చోవడమా? నా వల్ల కాదు సార్!"

అతని చేతులకున్న వేగమే నాలుకకూ ఉంది. మాట బయటపడ్డాక గానీ అది తన నోట్లోంచే వచ్చిందని తెలియలేదు. వెనక్కి లాక్కుందామని చూశాడు, అది అప్పటికే మేనేజరు చెవిలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"నాకూ అదే భయం" అన్నాడు మేనేజరు. "నువ్వు నిజం చెప్పావు, సంతోషం. పూసే పనంతా నీది, ఆపే పని నీ తమ్ముడిది. ఏమయ్యా, కూర్చోగలవా?"

ఆవులింత ఆలోచించి, "కూర్చోవడమే కదా సార్" అన్నాడు.

సాయంత్రం గేటు తెరవగానే మెరుపు పరుగు తీశాడు. బస్సు కోసం ఆగితే ఆలస్యమవుతుందని కాళ్ళనే నమ్ముకున్నాడు. దారిలో బస్సును దాటేశాడని, డ్రైవరు సలాం కొట్టాడని తరవాత చెప్పుకున్నారు. అంత తొందర ఎందుకంటే, కుర్చీ పోయిన కబురు ఆవులింత నోటి మీదుగా అత్తగారింటికి చేరకూడదు. ఓడిపోయిన కబురైనా సరే తనే ముందు చేరవేయాలి. వీధి మలుపు తిరిగే లోపల కబురు కాస్తా రూపం మార్చుకుంది.

అత్తగారు మిషను మీద ఉంది. అక్కచెల్లెళ్ళు నేల మీద కూర్చుని గుండీలు కుడుతున్నారు. మెరుపు రొప్పుతూ గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. "అత్తయ్యా, కుర్చీ మన చిన్నవాడికి ఇప్పించాను!"

మిషను ఆగింది. "మీరు ఇప్పించారా?"

"నేనే. సార్ నీకే ఇస్తానంటే ఒప్పుకుంటానా? వద్దు సార్, మా తమ్ముడు చిన్నవాడు, పైకి రావలసినవాడు అన్నాను. ఆయన బతిమాలాడు. చేతులు పట్టుకున్నాడు. నేను కదిలితేనా!"

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బావా, మీది వెన్నలాంటి మనసు" అంటూ మరదలు లేచి నిలబడి దండం పెట్టింది. భార్య మాత్రం సూది గాల్లో ఆపి మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. "నిజమేనా?" అంది.

"నమ్మకపోతే వాణ్ణే అడుగు. వస్తాడుగా!" అన్నాడు మెరుపు.

అన్నాక గానీ ఆ మాట తలకెక్కలేదు. అవును, వస్తాడు. వచ్చి ఒక్క మాట చెబితే చాలు. ఆ మనిషి ఇంకా నెమ్మదిగా నడిస్తే బాగుండునని మెరుపు జన్మలో మొదటిసారి కోరుకున్నాడు. దారిలో ఎక్కడైనా కూర్చుని కునుకు తీస్తే ఇంకా బాగుండును. ఆ కోరిక తీరలేదు. బస్సు ఆ రోజు త్వరగా వచ్చిందో ఏమో, గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"రండి బాబూ రండి! పెద్దల్లుడుగారే మీకు ఆ కుర్చీ ఇప్పించారటగా?" అంది అత్తగారు.

ఆవులింత గొడుగు మూలన ఆనించాడు. మెరుపు వైపు చూశాడు. మెరుపు గోడ మీది క్యాలెండరును చదువుతున్నాడు. ఆవులింత నోరు తెరిచాడు. అది మాట కాదు, ఆవులింత. అది ఎంత పొడుగ్గా సాగిందంటే, అది ముగిసేలోగా మెరుపు తన బతుకంతా ఒకసారి నెమరేసుకుని, మూడు చోట్ల పశ్చాత్తాపపడి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"అవునత్తయ్యా" అన్నాడు ఆవులింత చివరికి. "సార్ కుర్చీ అన్నయ్యకే ఇస్తానన్నారు. ఈయనే వద్దన్నారు. నేనక్కడే ఉన్నాను. మేడమ్ కూడా అన్నారు, అన్నయ్య పూసినంత బాగా పూసినవాళ్ళని ఆవిడ చూడలేదట."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. మెరుపు ఆ వాక్యాలను ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాడు. అన్నీ జరిగినవే. తను అంత దూరం పరిగెత్తుకుంటూ వచ్చి, అంత కష్టపడి అల్లిన కథను, వీడు చెప్పులు విప్పినంత తేలిగ్గా, నిజాలతోనే నిలబెట్టేశాడు. అత్తగారు ఇప్పుడు ఇద్దరు అల్లుళ్ళనూ చూసి మురిసిపోతోంది. చిన్నల్లుణ్ణే ఒక పిసరు ఎక్కువ చూస్తున్నట్టు మెరుపుకు అనిపించింది.

భార్యాభర్తలు ఇంటికి బయల్దేరారు. వీధి సగం నడిచాక మెరుపు ఆగాడు. అతను నడుస్తూ నడుస్తూ ఆగడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వాడి స్థానంలో నేనుంటే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసి ఉండేవాణ్ణే."

"తెలుసు" అంది ఆమె.

"వాడెందుకు చెప్పలేదు?"

"మీరు అన్నయ్య కదా అని అయ్యుంటుంది."

"అదీ వాడికే తట్టాలా! ముందు నాకు తట్టకూడదా?" అని పళ్ళు నూరుకుంటూ మెరుపు గబగబా అడుగులు వేశాడు. ఆమె అందుకోలేక వెనకబడిపోయింది.